మెట్లు అవే, మనిషి వేరు

ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున్నే నడిచేవాళ్లలో నాకొక స్నేహితుడున్నాడు. సంక్రాంతికి 88 కేజీలుండేవాడు. టీలో చక్కెర మానేశాడు, రాత్రి అన్నం మానేశాడు, వారానికోసారి అలిపిరి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఎండలు ముదిరేసరికి 80కి వచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలు కాంటా కదల్లేదు.

"ఏందన్నా ఇది? అదే తిండి, అవే మెట్లు. ఒంట్లో ఏమన్నా చెడిపోయిందంటావా?"

థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకున్నాడు. అంతా బాగానే ఉంది. బరువు పెంచే మందులేవీ వాడటం లేదు. ఇలా ఆగిపోవడాన్ని ఇంగ్లీషులో ప్లేటో అంటారు, అంటే పీఠభూమి. కొండకు నడిచి వెళ్లినవాళ్లకు ఇది తెలిసిన దారే. గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వని ఎక్కుడు, తర్వాత చాలాదూరం చదును, ఆపైన మోకాళ్ల పర్వతం.

అతను "అవే మెట్లు" అన్నాడు చూడండి, తిరకాసు అక్కడుంది. మెట్లు అవే 3,550. ఎక్కేవాడే మారిపోయాడు. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 88 కేజీల ఒంటిని అంత ఎత్తుకు మోయడానికి కావాల్సిన శక్తి 145 కేలరీల లోపే. కానీ మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పావు వంతే పనికొస్తుంది, మిగతాది వేడిగా, చెమటగా పోతుంది. అంటే ఎక్కడానికి అయ్యే అసలు ఖర్చు దాదాపు 575 కేలరీలు. అదే 80 కేజీల మనిషికైతే 525 చాలు. మొదట్లో అతను ఎనిమిది కేజీల బియ్యం సంచి భుజాన వేసుకుని ఎక్కేవాడన్నమాట. ఇప్పుడు ఆ సంచి లేదు.

వారానికోసారి 50 కేలరీలేగా అనుకోవచ్చు. కానీ ఆ సంచి మెట్ల మీద ఒక్కచోటే దిగిపోలేదు. లేచినా, కూర్చున్నా, నిద్రపోయినా ఒంటి ఖర్చు తగ్గింది. అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం లెక్క ప్రకారం, తగ్గిన ప్రతి కేజీకీ ఒంటి ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. మావాడికి ఎనిమిది కేజీలకు రోజుకు 200 అటూఇటూ. రాత్రి అన్నం మానేసి మిగిల్చినదాంట్లో చాలా భాగం ఇక్కడే చెల్లిపోయింది.

అసలు కథ ఇంకోటుంది. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది కూడా అదే. మూత్రంలో చక్కెరను బయటకు పంపేసే షుగర్ మాత్ర ఒకటుంది. దాన్ని ఏడాదిపాటు వాడినవాళ్ల వివరాలను హాల్ బృందం 2016లో పరిశీలించింది. తమ ఒంట్లోంచి రోజూ కేలరీలు పోతున్నాయని వాళ్లకు తెలియదు, డైటింగ్ కూడా చేయడం లేదు. అయినా తగ్గిన ప్రతి కేజీకీ వాళ్ల ఆకలి రోజుకు దాదాపు 100 కేలరీల చొప్పున పెరిగింది. ఖర్చు తగ్గేది 25 అయితే, ఆకలి పెరిగేది 100! మనమేమో "నాకు మెటబాలిజం స్లో" అని తేల్చేసి ఊరుకుంటాం.

ఈ ఆకలి వెనకున్న హార్మోన్లలో ముఖ్యమైనది లెప్టిన్. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు ఎంతుందో మెదడుకు తెలిసేది దీనివల్లే. కొవ్వు కరిగితే లెప్టిన్ పడిపోతుంది, మెదడుకు కంగారు మొదలవుతుంది. మనం కావాలని తినడం మానేశామో, తినడానికి లేక మానేశామో దానికేం తెలుసు? మనకు అది డైటింగ్, దానికి మాత్రం 1876 నాటి ధాత కరువు.

అందుకే ఓ ఆదివారం మావాడి ఇంటికెళ్లి, మెట్ల సంగతి పక్కనపెట్టి వంటింట్లోకి దూరాను. తిండి రాసుకున్న పుస్తకం చూపించాడు. పొద్దున రెండిడ్లీ, మధ్యాహ్నం సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, రాత్రి పుల్కాలు. చక్కగా ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ డబ్బాలోంచి వేయించిన చెనిక్కాయ గింజలు గుప్పెడు తీశాడు. చేయి పట్టుకుని ఆపి, ఆ గుప్పెడూ వంటింటి కాంటాలో పోయించాను. 46 గ్రాములు. అంటే 260 కేలరీలు.

"ఇవి కూడా లెక్కేనా అన్నా? నోట్లో వేసుకునేవే కదా!"

అబద్ధం చెప్పలేదు అతను. నిజంగానే ఆ గుప్పెడు అతని కంట్లో పడలేదు. 1992లో న్యూయార్క్‌లో ఇలాంటివాళ్లను పదిమందిని పరీక్షించారు. అందరూ "1,200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు" అన్నవాళ్లే. కొలిచి చూస్తే వాళ్ల ఒంటి ఖర్చు మామూలుగానే ఉంది. తిన్నదాన్ని మాత్రం సగటున 47 శాతం తక్కువగా, చేసిన కదలికను 51 శాతం ఎక్కువగా చెప్పారు.

సంగటి మీద కూడా అతనికి భరోసా ఎక్కువ. రాగిలో పీచు, కాల్షియం బాగా ఉన్న మాట నిజమే. కానీ పిండి తూకానికి తూకం చూస్తే కేలరీల్లో బియ్యానికీ దానికీ పెద్ద తేడా లేదు. పైగా మన సంగటిలో బియ్యమూ పడుతుంది. ముద్ద ఒకటా రెండా అన్నదే ప్రశ్న. తిరగమాత నూనె సంగతి సరేసరి, పెద్ద చెంచాకు 120 కేలరీలు.

అతను మార్చింది కొంచెమే. నూనె చెంచాతో కొలుస్తున్నాడు. చెనిక్కాయలు తింటాడు, కానీ చిన్న గిన్నెలో పోసుకుని. మధ్యాహ్నం ఒక ముద్ద తగ్గించి ఉలవలో, గుడ్లో పెంచాడు, మాంసకృత్తులుంటే కడుపు నిండినట్టుంటుంది. వారానికి రెండుసార్లు బరువులెత్తుతున్నాడు, కొవ్వుతోపాటు కండ కూడా కరగకుండా. రాత్రి పదకొండుకల్లా ఫోన్ పక్కన పెడుతున్నాడు. 2010లో జరిగిన ఓ చిన్న ప్రయోగంలో ఒకే తిండి తిన్నా, ఎనిమిదిన్నర గంటలకు బదులు ఐదున్నర గంటలే పడుకున్నప్పుడు తగ్గిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది.

రోజూ కాంటా ఎక్కి తిట్టుకోవడం మాత్రం మాన్పించాను. మెట్లెక్కిన మర్నాడు అలసిన కండరాల్లో నీరు చేరి బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. ఊరగాయ తిన్న మర్నాడూ అంతే. మొదట్లో చకచకా తగ్గిన కేజీల్లోనూ నీరు బాగానే ఉంది, ఎందుకంటే ఒంట్లో దాచిన ప్రతి గ్రాము గ్లైకోజన్‌తోపాటు (ఒళ్లు నిల్వ చేసుకునే చక్కెర అది) మూడు గ్రాముల నీరు ఉంటుంది, అది కరిగితే ఆ నీరూ పోతుంది. అందుకే ఏడు రోజుల సగటు రాసుకుని, దాన్ని కిందటి వారం సగటుతో పోల్చమన్నాను. దాంతోపాటు నడుముకు టేపు.

కిందటి వారం సగటు 78.6. సంబరంగా ఫోన్ చేశాడు. ఇంకో నాలుగైదు కేజీలు దిగాక ఇదే లెక్క మళ్లీ మొదటికొస్తుందని అతనికింకా చెప్పలేదు.