కొత్త కిడ్నీతో మళ్లీ ఆస్పత్రికి

కిడ్నీ మార్పిడి బాగా జరిగిందని ఇంటికి పంపిన వారానికే మళ్లీ ఆస్పత్రిలో చేరవలసి వస్తే ఇంటిల్లిపాది గుండె జారిపోతుంది. పెట్టిన కిడ్నీ పోయినట్టేనా? చాలాసార్లు కాదు. అమెరికా లెక్కల ప్రకారం, ఇలా ఇంటికి వెళ్లినవారిలో సుమారు 30 శాతం మంది 30 రోజుల్లోపే మళ్లీ చేరుతున్నారు.

కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. పాతవి సాధారణంగా వాటి చోటే ఉండిపోతాయి. సర్జన్లు రక్తనాళాలను, మూత్రనాళాన్ని కలుపుతారు కానీ నరాలను కలపరు. అందుకే లోపల ఇబ్బంది మొదలైనా కొత్త కిడ్నీ తరచు నొప్పి రూపంలో చెప్పదు. దాని తరఫున మాట్లాడేది రక్తంలోని క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడగట్టి బయటికి పంపవలసిన వ్యర్థం. ఒంట్లో నీరు తగ్గినా, మూత్రం దారి మూసుకున్నా, శరీరం కిడ్నీని తిరస్కరిస్తున్నా, మందు ఎక్కువైనా పెరిగేది ఆ ఒక్క అంకే. కారణం తేల్చడానికి స్కానింగ్, ఒక్కోసారి బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కావాలి. ఇంట్లో కూర్చుని ఊహిస్తే తేలేది కాదు.

మందు ఎక్కువవడమంటే ముఖ్యంగా, కొత్త కిడ్నీని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచి ఉంచే టాక్రోలిమస్ గురించే. 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన మందు ఇది. తగ్గితే శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది. పెరిగితే అదే మందు కిడ్నీలోని సన్నని రక్తనాళాలను బిగించి దెబ్బతీస్తుంది. మింగిన మందులో సగటున పావు వంతే రక్తంలోకి చేరుతుంది. చాలా భాగాన్ని పేగు గోడ, కాలేయం ముందే విరిచేస్తాయి. ఇప్పుడు విరేచనాలు పట్టుకున్నాయనుకోండి. మందంతా బయటికి పోయిందేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగేది తరచు తలకిందులు: పేగు గోడ కాపలా సడలి, మామూలు కన్నా ఎక్కువ మందు రక్తంలోకి చేరుతుంది. ఒకవైపు నీరు పోయి, మరోవైపు మందు పెరిగి కిడ్నీ రెండు దెబ్బలు తింటుంది. పోయిందనుకుని ఇంకో మాత్ర వేసుకుంటే మూడో దెబ్బ.

ఇన్ఫెక్షన్లది మరో పెద్ద వాటా. రోగనిరోధక శక్తిని కావాలనే అణచి ఉంచారు కాబట్టి, మూత్రంలో చిన్న ఇన్ఫెక్షన్ కూడా త్వరగా రక్తానికి పాకగలదు. జ్వరం అంత ఎక్కువగా రాకపోవచ్చు కూడా. అందుకే కాస్త ఒళ్లు వెచ్చబడగానే వచ్చి, రెండు రోజులుండి వెళ్లిన మనిషిని నేను వైఫల్యాల ఖాతాలో వేయలేను. 30 రోజుల లెక్క మాత్రం ఆయననూ, వారం ఓర్చుకుని ఐసీయూలో చేరిన మనిషినీ ఒకే గీతగా గీస్తుంది.

తప్పించగలిగినవీ ఉన్నాయి. రోజుకు రెండుసార్లు వేసుకునే టాక్రోలిమస్ మోతాదును, ఉదయం మాత్రకు ముందు తీసిన రక్తంలో ఎంత మిగిలిందో చూసి సరిచేస్తారు. అంటే రాత్రి మాత్రకు సుమారు 12 గంటల తర్వాత. పరీక్షకు బయల్దేరే తొందరలో, అలవాటు కొద్దీ మాత్ర మింగేసి వెళితే అంకె ఉత్తినే పెరిగి కనిపిస్తుంది. రక్తం తీసేవారికి ఆ మాట చెప్పకపోతే, డాక్టరు ఆ అంకెనే నమ్మి మోతాదు తగ్గిస్తారు. నిజానికి సరిపోతున్న మందు ఆ రోజు నుంచి చాలకుండా పోతుంది.