అద్దకం, రంగు, కుట్టు: నేర్చుకునేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

బట్ట మీద అచ్చు అద్దడం, రంగు వేయడం, కుట్టుతో బొమ్మలు చేయడం నేర్చుకునే వర్క్‌షాప్‌కి వచ్చేవాళ్లలో చాలామంది బట్ట ముక్క పాడవగానే తమ చేతిని తిట్టుకుంటారు. నేర్పేవాళ్లం ముందు బట్టను చూడాలి, తర్వాత రంగు గిన్నెను. చేతి సంగతి చివర్లో చూసుకోవచ్చు.

అపోహ: చేతిలో కళ ఉంటేనే అచ్చు శుభ్రంగా పడుతుంది

కొత్త నూలు బట్టకి గంజి, మైనం, జిడ్డు ఉంటాయి. దాని మీద ఒక నీటి చుక్క వేయించండి. ముత్యంలా నిలబడిందంటే రంగు కూడా లోపలికి దిగదు. సోడా యాష్ (సోడియం కార్బోనేట్ పొడి), కాస్త సబ్బు వేసిన నీళ్లలో బట్టను ఉడికించి, జాడించి ఆరేశాక మళ్లీ చుక్క వేస్తే ఇట్టే ఇంకిపోతుంది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే లెక్చర్ అక్కర్లేదు.

రెండో తప్పు రంగు ఎక్కువ పట్టించడం. అచ్చు వేసే దిమ్మను రంగులో ముంచితే గాడులు పూడిపోయి గీతలు కలిసిపోతాయి. ప్యాడ్ మీద పలచగా అద్దమనండి. బల్ల మీద దుప్పటి మడత పరవండి. గట్టి బల్ల మీద ఎంత అనుభవం ఉన్నవాళ్లు అద్దినా మధ్యలో ఖాళీలు వస్తాయి.

అపోహ: ఉప్పు, వెనిగర్ వేస్తే ఏ రంగైనా నిలుస్తుంది

దీన్ని పోగొట్టడం అన్నిటికంటే కష్టం. వెనిగర్ ఉన్ని, పట్టు మీద వాడే యాసిడ్ రంగులకు పనికొస్తుంది. నూలు మీద వాడే రియాక్టివ్ రంగులకు క్షారం కావాలి, అంటే సోడా యాష్. ఐసీఐ అనే బ్రిటిష్ కంపెనీ 1956లో ప్రోసియాన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చిన రంగులు ఈ రకమే. క్షారం ఉంటే రంగు అణువు నూలు పోగుతో రసాయనికంగా ముడిపడుతుంది. ఉప్పు రంగును పోగు దగ్గరికి నెడుతుంది, అంతవరకే దాని పని.

సోడా కలిశాక ఈ రంగు, నీళ్లతోనూ చర్య జరుపుతూ పోతుంది. కొన్ని గంటల్లో బలం తగ్గిపోతుంది, సీసాలో మాత్రం ముదురుగానే కనిపిస్తుంది. కాబట్టి పొద్దున టెన్షన్ ఉండకూడదని రాత్రే అన్నీ కలిపేయకండి. రంగు ఒక సీసాలో, సోడా ఒక సీసాలో ఉంచండి. చివర జాడించేటప్పుడు "అయ్యో, రంగు పోతోంది" అని ఎవరో ఒకరు అంటారు. పోయేది పోగుకి అంటుకోని మిగులు రంగు, అది పోవాల్సిందే.

అపోహ: ప్రకృతి రంగులైతే భయమే లేదు

ఆకు మంచిదే కావచ్చు, రంగును పట్టించే లవణం సంగతేమిటి? పటికతో పెద్ద ఇబ్బంది లేదు. పొటాషియం డైక్రోమేట్ విషం, క్యాన్సర్ కారకం. క్లాసు ఛాయలకే రానివ్వకండి. పసుపు కొమ్ములతో వేసిన రంగు ఎండకు వెలుస్తుంది, ముందే చెప్పేయండి. రసాయన రంగు పొడి కలిపేటప్పుడు మాస్కు తప్పనిసరి. రంగు కాచిన గిన్నె మళ్లీ వంటకి వెళ్లకూడదు.

అపోహ: రంగుల ఎంపిక పుట్టుకతో వచ్చే అభిరుచి, నేర్పితే రాదు

పారిస్‌లో టాపెస్ట్రీలు (బొమ్మలు నేసిన గోడ తెరలు) నేసే గోబెలిన్స్ కార్ఖానాలో నల్ల రంగు పేలవంగా ఉందని ఫిర్యాదు వచ్చింది. అద్దకం చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ పరిశీలిస్తే, తప్పు నలుపుది కాదని, పక్కనున్న రంగుల ప్రభావమని తేలింది. 1839లో ఆ సూత్రాలను అచ్చువేశాడు. మీ క్లాసులో ఒకే బూడిద రంగు గుడ్డలోంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకటి ఎరుపు మీద, ఒకటి ఆకుపచ్చ మీద కుట్టించండి. ఎరుపు మీదది కాస్త ఆకుపచ్చగా, ఆకుపచ్చ మీదది కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఒకే గుడ్డంటే నమ్మరు, విప్పి చూపమంటారు. విప్పండి.

అపోహ: కుట్లన్నీ ఒకే కొలతలో ఉండాలి

బట్టలు కుట్టేవాళ్లకి కొలత కావాలి. బొమ్మల కుట్టులో కుట్లు దగ్గర పడితే ఆ చోటు ముదురుగా, ఎడం పెరిగితే లేతగా కనిపిస్తుంది, అది వాడుకోవడమే పని. దారం మాత్రం మూరెడు చాలు. పొడవెక్కువైతే బట్టలోంచి లాగిలాగి పోగులు లేచి చిక్కు పడుతుంది. పిగ్మెంట్ రంగు (పోగులో ఇంకకుండా పైన నిలిచే రంగు) బైండర్‌తో, అంటే దాన్ని అంటించే జిగురుతో, మందంగా పడ్డచోట సూది దిగదు, దిగినా కన్నం కనిపిస్తూనే ఉంటుంది. అందుకని ఎక్కడ కుట్టాలో పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టించి, ఆ మేర పలచగా అద్దించండి.