యాడ్ ఏజెన్సీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ పని చేస్తాను. మొదట ఏజెన్సీల్లో చేశాను, ఇప్పుడు సొంతంగా చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో ఒకచోట దెబ్బతిన్నవాళ్లు. డెంటల్ క్లినిక్, పచ్చళ్ల బ్రాండ్, ప్లాట్ల వెంచర్, కోచింగ్ సెంటర్... వ్యాపారాలు వేరైనా నమ్మిన మాటలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: గూగుల్‌లో మొదటి ర్యాంకు గ్యారంటీ ఇస్తున్నారంటే పనిమంతులే.

మొదటి ర్యాంకుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సహాయ పేజీల్లో రాసింది. ఎస్‌ఈఓ, అంటే యాడ్ లేకుండానే వెతుకులాటలో సైట్ పైకి వచ్చేలా చేసే పని, ఫలితం కనబడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా చెప్పింది. "నెలలో నంబర్ వన్" అన్నవాళ్లను "ఏ పదానికి?" అని అడగండి. మీ షాపు పేరు టైప్ చేస్తే మీ షాపే మొదట వస్తుంది. అందులో వాళ్లు చేసిందేమీ లేదు.

అపోహ: స్క్రీన్‌షాట్లు చూశాం, రిజల్ట్స్ బాగున్నాయి.

బ్రౌజర్‌లో పేజీ మీద కనిపించే అంకెను మార్చి స్క్రీన్‌షాట్ తీయడం నిమిషం పని. అందుకే వీడియో కాల్‌లో యాడ్ అకౌంట్ లైవ్‌గా తెరవమనండి. క్లయింటు పేరు దాచినా ఫర్వాలేదు, తేదీలు మాత్రం మీరు చెప్పినట్టు మార్చి చూపించాలి.

అంకెలు నిజమైనవే అయినా లెక్క తిరకాసుగా ఉండొచ్చు. ఉదాహరణకు ఒక పచ్చళ్ల బ్రాండ్ యాడ్స్ మీద 50,000 పెట్టింది, 4 లక్షల అమ్మకం వచ్చింది. ఎనిమిది రెట్లు! ఇప్పుడు క్యాంపెయిన్లు విడదీసి చూద్దాం. అందులో 3.2 లక్షలు ఆ బ్రాండ్ పేరునే గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లవి, వాళ్ల కోసం అయిన ఖర్చు 10,000. యాడ్ లేకపోయినా వాళ్లలో చాలామంది కొనేవాళ్లే. మిగతా 40,000 ఖర్చుకు కొత్తవాళ్ల నుంచి వచ్చింది 80,000. అంటే రెండు రెట్లు. నూనె, సీసా, కొరియర్ ఖర్చులు తీసేస్తే అది నష్టమే కావచ్చు. "పేరుతో వెతికినవాళ్లను తీసేసి చూపించండి" అని అడగండి. పని తెలిసినవాళ్లు ఆ ప్రశ్న వినగానే కాస్త సర్దుకుని కూర్చుంటారు.

ఇంకోటి, ఒకే అమ్మకాన్ని గూగుల్ తనదంటుంది, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ) తనదంటుంది. రెండు రిపోర్టులూ కలిపితే మీ బిల్లు పుస్తకంలో ఉన్నదాని కంటే ఎక్కువ తేలవచ్చు. చివరికి చూడాల్సింది మీ బిల్లు పుస్తకమే.

వాళ్లు చెప్పిన క్లయింట్ల పేర్లను మెటా యాడ్ లైబ్రరీలో, గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ఆ యాడ్ ఎవరు చేశారో అక్కడ తెలియదు కానీ, ఎలాంటి యాడ్స్ నడుస్తున్నాయో కనిపిస్తుంది. అందులో తెలుగు కూడా చదవండి. ఒత్తులు విడిపోయి పక్కన పడి ఉన్నాయంటే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ పెట్టలేదని, బయటికి పంపే ముందు తెలుగు వచ్చినవాళ్లెవరూ చూడలేదని అర్థం.

అపోహ: గూగుల్ పార్ట్‌నర్ బ్యాడ్జ్ ఉంది, ఇంకేం కావాలి?

గూగుల్ ఏజెన్సీలకు ఇచ్చే ఈ బ్యాడ్జ్ అబద్ధం కాదు, గూగుల్ డైరెక్టరీలో సరిచూసుకోవచ్చు. కానీ దానికి కావాల్సింది 90 రోజుల్లో 10,000 డాలర్ల యాడ్ ఖర్చు, 70 శాతం ఆప్టిమైజేషన్ స్కోరు (అకౌంట్ సెట్టింగ్ ఎంత బాగుందో గూగుల్ వేసే మార్కు), సర్టిఫికెట్లున్న సిబ్బంది. గూగుల్ ఇచ్చే సూచనలను తోసిపుచ్చినా ఆ స్కోరు పెరుగుతుంది. క్లయింటుకు లాభం వచ్చిందా అని అక్కడ ఎవరూ అడగరు.

అపోహ: అకౌంట్లన్నీ వాళ్లే పెట్టుకుంటారు, మనకెందుకు తలనొప్పి.

నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. విడిపోయేటప్పుడు గొడవంతా ఇక్కడే వస్తుంది.

గూగుల్ యాడ్స్ అకౌంట్ మీ ఈమెయిల్‌తో, మీ జీఎస్టీ నంబరుతో, మీ కార్డుతో తెరవండి. పది అంకెల కస్టమర్ ఐడీ ఇస్తే ఏజెన్సీ తన మేనేజర్ అకౌంట్ నుంచి రిక్వెస్ట్ పంపుతుంది, మీరు ఒప్పుకుంటే చాలు. మెటాలో పేజీ, యాడ్ అకౌంట్, పిక్సెల్ (మీ సైట్‌కు వచ్చినవాళ్లు ఏం చేశారో లెక్కపెట్టే కోడ్) మీ బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో, అంటే ఇవన్నీ ఒకచోట ఉంచే మీ మెటా ఖాతాలో ఉండాలి, వాళ్లకు పార్ట్‌నర్ యాక్సెస్ మాత్రమే. మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్ మీరు, వాళ్లు మేనేజర్. డొమైన్, బల్క్ ఎస్‌ఎంఎస్ కోసం టెలికాం కంపెనీల దగ్గర చేసే డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కూడా మీ పేరుతోనే.

ఇలా చేస్తే ఏజెన్సీ మారినా పాత డేటా, రివ్యూలు మీతోనే ఉంటాయి. యాడ్ ఖర్చుకు గూగుల్ నుంచి నేరుగా మీ పేరుతో బిల్లు వస్తుంది కాబట్టి 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడమూ (దాన్ని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడమూ) సులువు. "నెలకు లక్ష ఇచ్చేయండి, యాడ్స్, ఫీజు అన్నీ అందులోనే" అనేవాళ్ల దగ్గర అందులో యాడ్స్‌కు ఎంత వెళ్లిందో మీకు ఎప్పటికీ తెలియదు.

అపోహ: డబ్బులిచ్చి చేయించుకున్న లోగో మనదే.

ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసినది యజమానిదే. ఫ్రీలాన్సర్ విషయం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వీడియో, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లవి. ఆ జాబితాలో లోగో లేదు, కాబట్టి హక్కులు రాయించుకోకపోతే అది గీసినవాళ్లదే. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాకు పచ్చళ్లు పంపేవాళ్లు ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఫ్రీలాన్సర్ అంటే రిస్కు, ఏజెన్సీ అయితే సేఫ్.

మీటింగుకు వచ్చేది సీనియర్, మర్నాటి నుంచి మీ అకౌంట్ చూసేది నిన్న మొన్న చేరిన కుర్రాడు. కాబట్టి చేసే మనిషితోనే మాట్లాడించమనండి. చిన్న బడ్జెట్‌కైతే మంచి ఫ్రీలాన్సరే మేలని నా అభిప్రాయం. ఫ్రీ శాంపిల్ అడగకండి, చిన్న పనికి డబ్బిచ్చి చేయించి చూడండి.

అపోహ: యాడ్‌లో తప్పు దొర్లితే ఏజెన్సీదే బాధ్యత.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకు అది రాకముందే ప్రకటన ఇస్తే చట్టం అడిగేది ప్రమోటర్‌ను, అంటే ప్రాజెక్టు వేసి అమ్మేవాళ్లను. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం కింద ఉత్పత్తిదారుకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. నేనైతే ఇంటర్వ్యూలోనే ఓ ప్రశ్న వేయమంటాను: "రెరా నంబరు ఇంకా రాలేదు, ప్రీలాంచ్ యాడ్స్ వేసేద్దామా?" వెంటనే సరే అన్నవాళ్లకు కాఫీ ఇచ్చి పంపించేయండి.

అపోహ: ఇద్దరు క్లయింట్లకు ఫోన్ చేశాం, బాగానే చెప్పారు.

బాగా చెప్పేవాళ్ల నంబర్లే ఇస్తారు కదా. వదిలేసి వెళ్లిన క్లయింటు నంబరు ఒకటి అడగండి. ఆయన్ని పని ఎలా ఉందని అడగక్కర్లేదు. మానేస్తామని చెప్పాక పాస్‌వర్డ్‌లు, అకౌంట్లు చేతికి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగండి చాలు.