చెరువు పాము, చాప దగ్గరికొచ్చే పాము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు లేని ఊరు అరుదు. పాము కనిపించిందంటే చాలామంది చెప్పే చోటు కూడా చెరువు గట్టో, మదుమో, బట్టలుతికే బండల సందో అయి ఉంటుంది. పిల్లలు అరుస్తారు, కర్రలు వస్తాయి, పాము చస్తుంది. అలా చచ్చిపోయేది తరచుగా నీరుకట్టె. ఒళ్లంతా చదరంగం గళ్లలాంటి మచ్చలు, కంటి కింద నల్లటి గీతలు ఉంటాయి. చేపలూ కప్పలూ తిని బతుకుతుంది. దానికి విషం లేదు. కోపం మాత్రం ఎక్కువ. తప్పించుకునే దారి లేకపోతే మెడ వెడల్పు చేసి తల పైకెత్తుతుంది. దాన్ని చూసి నాగుపాము పడగ విప్పిందని అనుకుంటారు. కరిస్తే రక్తం కారుతుంది, గాయం శుభ్రంగా కడుక్కోవాలి. అంతకుమించి ప్రమాదం లేదు. అయినా కప్పల కోసం నాగుపాము కూడా చెరువు దగ్గరికి వస్తుంది కాబట్టి, గుర్తుపట్టామనే ధైర్యంతో ఏ పామునీ చేత్తో ముట్టుకోకూడదు.

మన భయమంతా చెరువు గట్టున, పట్టపగలు, కళ్ల ముందు కదిలే పాము మీద ఉంది. నిజంగా భయపడాల్సిన పాము రాత్రిపూట, నేల మీద పడుకున్న మనిషి పక్కకి చప్పుడు లేకుండా వస్తుంది. అదే కట్లపాము.

నల్లటి నిగనిగలాడే ఒళ్లు, దాని మీద సన్నటి తెల్లని అడ్డ గీతలు, చాలావరకు జంటలుగా. ఆ గీతలు తోక వైపు స్పష్టంగా, తల వైపు మసకగా ఉంటాయి. ఇళ్లలో బల్లుల కోసం తిరిగే, విషం లేని ఒక చిన్న పాముకీ ఇలాంటి గీతలే ఉంటాయి గానీ, దానికి మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు చెరిగిపోతాయి. ఈ తేడా ఫొటోలో చూసి నేర్చుకోవాల్సిందే తప్ప, అర్ధరాత్రి మంచం కింద వంగి చూడాల్సింది కాదు.

కట్లపాము పగలు మెతకగా ఉంటుంది, రాత్రి చురుకుగా తిరుగుతుంది. మిగతా పాముల్నీ, ఎలుకల్నీ, బల్లుల్నీ వెతుక్కుంటూ ఇంట్లోకి వస్తుంది. నిద్రలో మనం దొర్లినప్పుడు, చెయ్యి దాని మీద పడినప్పుడు కరుస్తుంది. కోరలు చిన్నవి కావడంతో చాలామందికి నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పితో లేస్తారు. వాంతి అవుతుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని వాము నమలమంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. "ఏటీ కాలేదు, నిద్ర సరిపోలేదు, పడుకోనీండి" అంటారు. ఆ వాలిన రెప్పలు నిద్రమత్తు కాదు, పక్షవాతం మొదలైన గుర్తు. తర్వాత మాట ముద్దగా వస్తుంది, గుటక పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నేల మీద పడుకున్న మనిషికి తెల్లారేసరికి కారణం లేని కడుపునొప్పి, వాలిన రెప్పలు కలిసి కనిపిస్తే పాము కాటేమోనని అనుమానించి తీరాలి. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంట్లోనూ తెలియాలని నా కోరిక.

ఈ విషం నరం కొసల మీద పని చేస్తుంది. కండరానికి కదలమని చెప్పే రసాయనం నరం చివర నుంచి విడుదల కావాలి, కట్లపాము విషం ఆ చివరనే పాడు చేస్తుంది. ఒకసారి పాడయ్యాక విరుగుడు మందు దాన్ని బాగుచేయలేదు, ఒంట్లో ఇంకా తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకుంటుంది. అందుకే తొందరపడాలి. ఆలస్యమైనా ఆశ వదలక్కర్లేదు. వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఊపిరి అందిస్తే నరాల కొసలు మళ్లీ పెరుగుతాయి, మనిషి పూర్తిగా కోలుకోవచ్చు. కళ్లు తెరవలేక, వేలు కదపలేక పడి ఉన్న మనిషికి లోపల స్పృహ ఉండొచ్చు. పోయాడని తేల్చేయకండి, పక్కన నిలబడి ఏడవకండి. ఊపిరి ఆగితే నోటి ద్వారా ఊపిరి ఊదుతూ ఆసుపత్రికి చేర్చండి.

నాగుపాము విషం కూడా నరాల మీదే పని చేస్తుంది గానీ, కాటు దగ్గర నొప్పి, వాపు ఉండటం వల్ల సంగతి వెంటనే తెలుస్తుంది.

రక్తపింజర దారి వేరు. గోధుమ రంగు ఒంటి మీద గొలుసులా గుండ్రటి మచ్చలు, కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే చప్పుడులాంటి బుస. వరి కోతల్లో, పొలం గట్ల గడ్డిలో, కళ్లం దగ్గర కుప్పల కింద ఎలుకల కోసం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రాలిన ఆకుల మధ్య జీడిపిక్కలు ఏరే ఆడవాళ్ల చేతులకి అది కనిపించదు. దీని విషం ఒంట్లో రక్తాన్ని అక్కడక్కడా గడ్డకట్టించి, గడ్డకట్టడానికి కావాల్సిన సరుకంతా ఖర్చు చేసేస్తుంది. ఆ తర్వాత చిగుళ్ల నుంచీ మూత్రంలోనూ రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బుతో ఇప్పటికే అవస్థ పడుతున్న ఉద్దానంలో ఈ కాటుని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. దీన్ని పట్టే పరీక్ష చాలా సులువు. కాస్త రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. కరెంటు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా వేసింది. ఏడాదికి 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యనే. ఎక్కువ మంది ప్రాణం పోయింది ఆసుపత్రిలో కాదు, పల్లెల్లో, ఇళ్ల దగ్గర.

ఎందుకు ఇళ్ల దగ్గర? మంత్రం మీద నమ్మకం ఒక కారణం. ఆ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో చూడాలి. పాము కరిచిందని మంత్రగాడి దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామందిని కరిచేది విషం లేని పాము. విషపు పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. వాళ్లంతా పసరు తాగినా తాగకపోయినా బతికేవాళ్లే. బతికినవాళ్లు ఊరంతా చెబుతారు. పోయినవాళ్ల దగ్గర మాత్రం "ఆలస్యంగా తెచ్చారు" అనే మాట మిగులుతుంది. మంత్రం వేసే ఆయన మోసగాడు కానక్కర్లేదు, ఆయన కూడా మనస్ఫూర్తిగా నమ్మే ఉంటాడు. ఊరి పెద్దలు ఆయనతో గొడవ పెట్టుకోవడం కంటే, కాటు వేయించుకున్నవాళ్లని ముందు 108 ఎక్కించమని ఆయన చేతే చెప్పించడం మంచిదని నా అభిప్రాయం.

ఇంటి చుట్టూ ఏం చేయాలి? కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి, గంధకం పాముల్ని ఆపుతాయన్న ఆధారం లేదు. పైగా ఆ యాసిడ్ పిల్లల చర్మాన్ని కాలుస్తుంది. ఆ డబ్బుతో దోమతెర కొనండి. మంచం మీద పడుకుని, తెర అంచుల్ని పరుపు కిందకి దోపుకుంటే కట్లపాము లోపలికి రావడం చాలా కష్టం. మంచం లేకపోతే చాప కిందకైనా దోపండి. కర్రలు, పిడకలు, కొబ్బరి కమ్మలు గోడని ఆనించి పెట్టకండి. ధాన్యం, కోళ్ల గూడు పడుకునే గదికి దూరంగా ఉంటే ఎలుకలూ దూరంగా ఉంటాయి, వాటి వెనక వచ్చే పామూ రాదు. రాత్రి పెరట్లోకి వెళ్తే టార్చ్, చెప్పులు తప్పనిసరి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానం తోటల్ని కూల్చినప్పుడు ఎటు చూసినా పడిపోయిన చెట్లూ కమ్మలే. అలాంటి కుప్పల్ని చీకట్లో, వట్టి చేతులతో ఎత్తకూడదు. ముందు పొడవాటి కర్రతో కదిపి, కాసేపు ఆగాలి.

కాటు పడితే కాలికో చేతికో బద్ద కట్టి కదలకుండా ఉంచండి. ఉంగరాలు, పట్టీలు, గాజులు తీసేయండి, వాపు వచ్చాక అవి బిగుస్తాయి. తాడు బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఇదివరకే ఎవరైనా తాడు కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, ఆ పని డాక్టర్ చేయాలి. పామును వెతికి చంపే ప్రయత్నంలో రెండో మనిషికి కాటు పడుతుంది. దూరం నుంచి ఫొటో దొరికితే సరే, లేకపోయినా ఫర్వాలేదు. మనకి దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక రంగు చిన్న పింజర నాలుగింటికీ కలిపి ఒకటే. కొండల వైపు కనిపించే గిరినాగు విషం అందులో లేదు, అయితే అది మనిషిని కరవడం చాలా అరుదు.

గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన రక్షణ పదార్థాన్ని తీసి ఈ మందు చేస్తారు. పిల్లలకీ పెద్దలకీ డోసు ఒకటే, ఎందుకంటే పాము పిల్లాడని విషం తగ్గించదు. మందు ఎక్కేటప్పుడు దురద, దద్దుర్లు, ఆయాసం రావచ్చు. వెంటనే నర్సుకి చెప్పాలి, దానికీ ఇంజెక్షన్ ఉంటుంది. ఏ లక్షణమూ లేకపోయినా కనీసం 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచమని అడగండి. ఇంటికి వచ్చిన వారం, పది రోజులకి జ్వరం, కీళ్ల నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు వస్తే అది విషం తిరగబెట్టడం కాదు. మందులోని గుర్రపు ప్రోటీన్‌కి ఒళ్లు చూపే స్పందన. చికిత్సతో తగ్గుతుంది, మళ్లీ అదే ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి.