"ముందు నిజమో కాదో తేల్చుకుందాం" అంటారే, అదే అన్నిటికంటే పెద్ద అపోహ

మొన్న సాయంత్రం ఏడింటికి ఒక హెడ్మాస్టారు ఫోన్ చేశారు. "మేడమ్, చిన్న విషయం, ఏడో క్లాసు పాప ఒక సారు గురించి ఒక మాట చెప్పింది, రెండ్రోజులు టైమివ్వండి, మేమే కూర్చోబెట్టి కనుక్కొని నిజమని తేలితే అప్పుడు మీకు రాసిస్తాం" అన్నారు. ఆయన చెడ్డాయనేం కాదు, భయపడిపోయున్నారు, గొంతులోనే తెలిసిపోతోంది. పదకొండేళ్ళుగా పిల్లల రక్షణ పనిలో ఉన్నాను, ముందు శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం, ఇదే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రెండ్రోజులే కొంప ముంచుతాయండీ.

నిజమో కాదో తేల్చే పని స్కూలుది కాదు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 2012 సెక్షన్ 19 చూడండి, జరిగిందని తెలిసినా, జరగొచ్చని భయం కలిగినా పోలీసులకి చెప్పి తీరాలి, రుజువు తెమ్మని ఎవరూ అడగరు. చెప్పకుండా దాచితే సెక్షన్ 21 ప్రకారం ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, సంస్థ పెద్ద తన కింద పనిచేసేవాళ్ళ సంగతి దాచితే ఏడాది దాకా. "తప్పని తేలితే నా మీదకొస్తుంది కదా" అంటారు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదని అదే సెక్షన్ 19లో రాసుంది. పిల్ల చెప్పింది తప్పని తేలినా పిల్లకి శిక్ష లేదు.

అసలు స్కూల్లో ఎంక్వైరీ అంటే ఏం జరుగుతుందో చెప్తాను. పాపని స్టాఫ్ రూమ్‌లో నిలబెడతారు. ముందు క్లాస్ టీచర్ అడుగుతుంది, తర్వాత హెచ్చెమ్, తర్వాత కమిటీ చైర్మన్, ఊరి పెద్ద ఒకాయన, చివరికి ఆ సారునే పిలిపించి "ఇప్పుడు ఈయన ముందు చెప్పమ్మా" అంటారు. అయిదోసారికి పాప "ఏటీ లేదండి, నానే అబద్ధం సెప్పాను" అనేస్తుంది. "చూశారా, మేం ముందే అనుకున్నాం" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ లోపల ఫోన్లో మెసేజిలు పోతాయి, బట్టలు ఉతికేస్తారు, ఇంటికి ఎవరో వచ్చి మాట్లాడి వెళ్తారు.

నేనేదో పెద్ద తెలిసినదాన్నని చెప్పట్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక బాబుని నేనే మూడుసార్లు అడిగాను, మంచిగానే అడిగాననుకున్నా, "గుర్తు తెచ్చుకో నాన్నా, ఏ రోజు, ఏ టైము" అని. వాడు ఒక్కోసారి ఒక్కో రోజు చెప్పాడు. తర్వాత కోర్టులో అవతలి లాయరు ఆ మూడు రోజులే పట్టుకుని వాయించేశాడు. ఆ కేసు ఏమైందో ఇక్కడ రాయలేను గానీ ఆ తర్వాత నుంచి పిల్లల్ని ఒక్కటే అడుగుతాను, "ఇంకేమైనా చెప్పాలని ఉందా" అని. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకుని టైము వేస్తాను.

పోలీసులంటే భయం కూడా ఉంది, అర్థం చేసుకోగలను. పాపని స్టేషన్‌కి ఈడ్చుకెళ్తారనుకుంటారు. స్టేట్‌మెంట్ ఇంట్లో గానీ పిల్ల చెప్పిన చోట గానీ తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై ర్యాంకుకి తగ్గని మహిళా ఆఫీసరు, అదీ యూనిఫామ్ లేకుండా. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి చెప్పాలి. కోర్టులో నిందితుడికి ఎదురుపడకుండా చూడాలి. ఇవన్నీ ప్రతిచోటా సరిగ్గా జరుగుతాయా అంటే జరగవు, అందుకే మమ్మల్ని పక్కన ఉండమని అడగండి, వస్తాం.

ఇంకోటి, "ఆ సారుని వేరే మండలానికి ట్రాన్స్‌ఫర్ చేయించేశాం కదా మేడమ్, ఇంకెందుకు". ఆ మండలంలో పిల్లలు లేరా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆడపిల్లలకే ఇలా జరుగుతుందన్నది తప్పు, 2007లో కేంద్రం 13 రాష్ట్రాల్లో చేయించిన సర్వేలో లైంగిక వేధింపులు చెప్పిన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే, అందులో మన ఆంధ్ర కూడా ఉంది. వ్యాన్లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో తిప్పుతారే, దయచేసి ఆపండి, ఒకసారి చీర కొంగు కప్పుకున్న బిచ్చగత్తెని కొట్టబోయారు మా ఏరియాలో. మా దగ్గరికొచ్చే కేసుల్లో చేసినవాడు దాదాపు ఎప్పుడూ తెలిసినవాడే.

"కొట్టకపోతే చదువొస్తాదా" అన్నది మాత్రం తల్లిదండ్రులే అంటారు, "కళ్ళు తప్ప ఎక్కడైనా కొట్టండి మాస్టారూ" అని అప్పజెప్పి పోతారు. విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ రెండిటినీ నిషేధించింది, గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం అన్నీ అందులోకే వస్తాయి. మా చిన్నప్పుడు లెక్కల మాస్టారి సైకిల్ బెల్లు వినపడితే నాకు కడుపునొప్పి వచ్చేది, నిజంగా వచ్చేది, నటన కాదు. లెక్కలు మాత్రం రాలేదు, ఇప్పటికీ ట్రావెల్ బిల్లు మా క్లర్కు బాబే వేస్తాడు.

ఆ కడుపునొప్పి గురించే చెప్పాలి. మన దగ్గర అమ్మానాన్నలు పనికి హైదరాబాదో చెన్నైయో పోయి, మత్స్యకారులైతే గుజరాత్ వేరావల్ దాకా పోయి, పిల్లలు మామ్మల దగ్గరే పెరగడం మామూలే కదా. పోయినేడు ఒక మామ్మ వచ్చింది. "సోమారం వస్తే సాలమ్మా, గుంటడు కడుపునొప్పంతాడు, రాత్రుళ్ళు పక్క తడిపేస్తన్నాడు, గాలి సోకిందని తాయెత్తు కట్టించీసినాను" అంది. హాస్టల్లో పెద్ద పిల్లలు రోజూ కొడుతున్నారు వాడిని, అన్నం కంచం లాక్కుంటున్నారు. పిల్లాడు చెప్పలేదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దండీ, వాడు నోటితో తప్ప అన్ని రకాలుగానూ చెప్తూనే ఉన్నాడు. తాయెత్తు తీయమని నేను అనలేదు, అది ఆవిడ ధైర్యం. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 మాత్రం "పది, తొమ్మిది, ఎనిమిది" అని నేర్పాను, చదువు రాకపోయినా గుర్తుండిపోతుంది.

హెడ్మాస్టారికి ఆ రాత్రే చెప్పాను, పాపని ఇంక ఎవరూ ఏమీ అడగొద్దు, ఆ సారుని రేపు క్లాసుకి పంపొద్దు, ఆమె ఏం చెప్పిందో ఆమె మాటల్లో ఒక కాగితం మీద రాసి ఉంచండి, పొద్దున్న స్టేషన్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం అని. "పొద్దున్నే ఎందుకు మేడమ్, ఇప్పుడే బయల్దేరతాను" అన్నారాయన.