పడిన దోమ చచ్చినట్టు కాదు: పొగ మందు వివాదం వెనుక కథ

డెంగీ కేసులు పెరిగిన ప్రతిసారీ నగరాల్లో అదే వాదన మొదలవుతుంది. దోమల పొగ మందు మోతాదు తగ్గించారనీ, బండి అన్ని వీధులకూ రావడం లేదనీ నివాసులు అంటారు. మందులో లోపం లేదు, ఇళ్లలో నీరు నిల్వ ఉండటమే కారణమని పాలక సంస్థలు బదులిస్తాయి. ఈ రెండు వాదనలూ మందుకు దోమ చస్తుందన్న నమ్మకం మీదే నిలబడ్డాయి. కీటక శాస్త్రజ్ఞులు ప్రశ్నిస్తున్నది ఆ నమ్మకాన్నే.

ఒకప్పటి దోమల మందు డీడీటీ వైభవమూ పతనమూ తెలిసిన కథే. ఇప్పటి చిక్కుకు అసలు మలుపు 1973లో ఉంది. ఆ ఏడాది బ్రిటన్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైఖేల్ ఇలియట్ బృందం కొత్త కీటకనాశిని పెర్మెత్రిన్‌ను వెల్లడించింది. చామంతి జాతి పూల నుంచి తీసే సహజ సారం ఎండ తగిలితే పాడయ్యేది. ఈ కృత్రిమ రూపం తట్టుకుని నిలిచింది. మనిషికి విషం తక్కువ, కీటకం మాత్రం చూస్తుండగానే పడిపోతుంది. అంత మంచి మందు కావడమే తర్వాత ముప్పయింది. ఫాగింగ్ యంత్రాలు, మందు పట్టించిన దోమతెరలు, ఇంట్లో వెలిగించే కాయిల్, గోడకు తగిలించే ద్రవం, పొలాల్లో పిచికారీ, అన్నిటిలోకీ పెర్మెత్రిన్ వంటి ఈ పైరిత్రాయిడ్ల కుటుంబమే చేరింది.

డీడీటీ, పైరిత్రాయిడ్లు వేర్వేరు రసాయనాలే అయినా, రెండూ కీటకం నాడుల్లో సోడియం అయాన్లు ప్రవేశించే ద్వారాన్నే మూసుకోకుండా పట్టి ఉంచుతాయి. ఆ ద్వారపు ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, రెండింటికీ పట్టు సడలుతుంది. అంటే డీడీటీని తట్టుకున్న దోమల్లో కొన్ని కొత్త మందుకూ ముందే సిద్ధమై ఉన్నాయి. దీనికి తోడు మందును విరగ్గొట్టే ఎంజైములను ఎక్కువగా తయారుచేసే దోమలూ ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష విధానంలో పడిపోవడానికీ చావడానికీ ఉన్న తేడా కంటికి కనిపిస్తుంది. మందు పట్టించిన కాగితం చుట్టిన గొట్టంలో ఆడ దోమలను గంటసేపు ఉంచి, తర్వాత శుభ్రమైన గొట్టంలోకి మార్చి, 24 గంటల తర్వాత లెక్కిస్తారు. చనిపోయినవి 90 శాతం కంటే తక్కువైతే నిరోధకత, అంటే మందును తట్టుకునే శక్తి, ఉన్నట్టే. గంట లోపల వెల్లకిలా పడిన దోమల్లో కొన్ని మర్నాటికి లేచి గొట్టం గోడ మీద వాలి ఉంటాయి. బండి వెళ్లిన కాసేపటికి నేల మీద రాలిన దోమలను చూసి పని జరిగిందనుకోవడంలోని పొరపాటు ఇదే.

వియత్నాం, కాంబోడియాల్లో డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ ఈజిప్టై దోమలపై 2022లో ప్రచురితమైన పరిశోధన, సోడియం ద్వారంలో రెండు మార్పులు కలిసిన దోమలు పైరిత్రాయిడ్లను అసాధారణ స్థాయిలో తట్టుకుంటున్నాయని చూపింది. అలాంటి చోట మోతాదు పెంచాలన్న డిమాండు, అధికారులు ఒప్పుకున్నా, పెద్దగా ఉపయోగపడదు.

మందులను మార్చి మార్చి వాడాలని మలేరియా దోమల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే ప్రణాళిక ఇచ్చింది. నగరంలో దాన్ని పాటించినా ఫలితం సగమే. ఈడిస్ ఎక్కువగా ఇంట్లోనే, మంచం కింద, వేలాడే బట్టల వెనుక విశ్రమిస్తుంది. వీధి పొగ అక్కడికి చేరేది కొద్దిగానే. ఫాగింగ్‌లో పైరిత్రాయిడ్ మాని, వేరే కుటుంబానికి చెందిన మలాథియాన్‌కు మారిన నెలల్లో కూడా, ఆ గదిలో రాత్రంతా వెలిగే కాయిల్‌లో ఉండేది ఎక్కువగా పైరిత్రాయిడే.