ఆ టైప్‌రైటర్ నాగపూర్‌కు ఎప్పుడొచ్చింది?

విశాఖ మేజిస్ట్రేటు కోర్టులో చీటింగ్ కేసులో శిక్ష పడగానే, వరండాలో ఇంట్లోవాళ్లు లాయరును అడిగే మొదటి మాట: "పైకోర్టులో మా సాక్షుల్ని మళ్లీ పిలుస్తారా అండీ?" మామూలుగా పిలవరు. సాక్షులు చెప్పింది, ఎగ్జిబిట్ నంబర్లు వేసిన కాగితాలు, తీర్పు, వీటినే అప్పీలు వినే సెషన్స్ జడ్జి మొదటినుంచి చదువుతారు. రుజువు చాలదనిపిస్తే శిక్ష కొట్టేస్తారు. ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచడానికి మాత్రం వీల్లేదు.

ఆ చదవడం ఎంత లోతుగా ఉండాలో 1952 నాటి హనుమంత్ కేసు చూపిస్తుంది. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో (తర్వాతి మధ్యప్రదేశ్, నాగపూర్ అప్పుడు అందులోదే) ఒక డిస్టిలరీ, అంటే సారా బట్టీ, టెండరు గొడవ అది. ఎక్సైజ్ కమిషనరూ కాంట్రాక్టరూ కలిసి 1946 నాటి తేదీతో దొంగ ఉత్తరం పుట్టించారని ఆరోపణ. ఉత్తరం మీదున్న తేదీకి, దాన్ని కొట్టిన టైప్‌రైటర్ నాగపూర్‌కు రానేలేదన్నది ప్రాసిక్యూషన్ పట్టు. మేజిస్ట్రేటు శిక్ష వేశాక సెషన్స్ కోర్టు కుట్ర నేరాన్ని కొట్టేసింది, ఫోర్జరీ శిక్ష మాత్రం అక్కడా, హైకోర్టులోనూ నిలిచింది. సుప్రీంకోర్టు కాగితాలన్నీ తిరగేసి, అనుమానాన్నే రుజువుగా తీసుకునే ప్రమాదం ఉందని హెచ్చరించి, ఇద్దరినీ వదిలేసింది. మూడు కోర్టులు నమ్మిన సాక్ష్యం నాలుగో చోట నిలబడలేదు. అప్పీలు ఉత్త లాంఛనం అనేవాళ్లకు నేను చెప్పేది ఈ కేసే.

విశాఖలో మోసం అనగానే ముందు భూమే గుర్తొస్తుంది. ఇక్కడి భూ రికార్డుల తారుమారు మీద 2017లో ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది. అడ్వాన్సు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయకపోతే అది మోసమా, మాట తప్పడమా? డబ్బు తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది. మోసానికి శిక్ష వేసే ఐపీసీ 420 సెక్షన్ పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చినా ఈ ప్రశ్న మారలేదు.

ఇప్పుడు టైప్‌రైటర్ స్థానంలో వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఉంది. అలాంటి ఎలక్ట్రానిక్ కాపీ ఎలా వచ్చిందో ధ్రువీకరించే 65బి సర్టిఫికెట్ (2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63(4)) ఉండాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. అయితే సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరం విచారణలోనే చెప్పాలని 2017లో ఇంకో తీర్పు చెప్పింది. కింద నోరు మెదపని లాయరు వల్ల పైన ముద్దాయి నష్టపోవడం నాకు చాలా బాధనిపిస్తుంది.

అప్పీలు గడువూ చిన్నదే. సెషన్స్ కోర్టుకు 30 రోజులు. విశాఖ సీబీఐ ప్రత్యేక కోర్టు తీర్పయితే అమరావతి హైకోర్టుకు 60 రోజులు. జైలుశిక్ష పడినవాళ్లకు తీర్పు కాపీ ఉచితం, అడిగి తీసుకోవాలి. బెయిలు మీదున్నవాళ్లకు మూడేళ్లు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకునేదాకా అదే కోర్టు బెయిలు ఇవ్వగలదు. ఆ పిటిషన్ తీర్పు రోజునే చేతిలో సిద్ధంగా ఉండాలి.